విత్తనమునకు యజమాని యెవరు?

సంఘ సభ్యులగు రైతులు కొందఱు ఈ నడుమ తఱచుగా నొక ప్రశ్న వేయుచున్నారు. కంపెనీవారి సంచిలో కొన్న విత్తనమును పండించి, కళ్ళమునందు కొంత యెత్తి గాదెలో దాచి, మఱుసటి యేట మరల చల్లుకొనవచ్చునా, ప్రక్క చేనివానికి బదులీయవచ్చునా, ఇచ్చినచో వ్యాజ్యము రాగలదా యని వారి సందేహము. మన తాతలకు ఈ సందేహము కలిగియుండదు. గింజ గాదెలోనిది, గాదె తనది, అంతటితో సరి. నేడు అంతటితో సరిపోవుటలేదు. విత్తనమునందు రెండు వస్తువులు గలవని నేటి చట్టములు తలంచును. ఒకటి చేతికి తగులు గింజ. రెండవది కంటికి కానరాని విద్య. అనగా ఆ గింజకు నిండుగా దుబ్బు కట్టు గుణమునో, తెగులునకు తాళు గుణమునో కల్పించిన పనితనము. గింజ కొన్నవానిదే. విద్య యెవరిదన్నదే తగవు.

ఈ తగవు అర్థము కావలెనన్న, విద్యకును తక్కిన సొత్తునకును గల భేదమును ముందుగా చూడవలెను. నా యెడ్లజతను మీకు ఎరువిచ్చినయెడల నా దుక్కి ఆగిపోవును. ఉప్పునీటిలో వడ్లు పోసి, తేలిన తాలు తీసివేయు ఉపాయమును మీకు చెప్పినయెడల నా వడ్లకు లోటు రాదు. ఉపాయము నాయొద్దనే యుండును, మీ నారుమడియు బాగుపడును. ఇట్టి దానికి కంచె వేయుట యేల యని అడుగవచ్చును. దీనికి ప్రభుత్వములు చెప్పు సమాధానము కొంతవఱకు న్యాయమైనదే. క్రొత్త సాధనమును కనిపెట్టువాడు ఏండ్లతరబడి శ్రమపడి ధనము వెచ్చించును. అతడు దానిని బయటపెట్టిన మఱునాడే ఇరుగుపొరుగువారు ఊరక చేసికొన్నయెడల అతనికి పెట్టుబడియైనను తిరిగి రాదు. అంతట అతడు దానిని రహస్యముగా దాచుకొనును. అతనితోనే అది నశించును. కావున రాజ్యము అతనితో నొక ఒడంబడిక చేసికొనును. నీ ఉపాయమును దాపరికము లేక వ్రాసి యిమ్ము. 20 సంవత్సరముల వఱకు నీ సెలవు లేక ఒరులు దానిని వాడకుండ చూతుము. గడువు తీరిన పిమ్మట అది లోకమునకెల్ల సొత్తు. దీనినే పేటెంటు అందురు.

ఒడంబడిక మంచిదే. కాని ఇందులో లోకులకు దక్కు ప్రతిఫలమంతయు ఆ క్రొత్త విద్యయే. పాతదానికి పేటెంటు ఇచ్చినచో లోకము తన చేతనున్నదానిని పోగొట్టుకొని బదులుగా నేమియు పొందదు. ఇట్లు జరుగునా యని సందేహింప నక్కరలేదు, జరిగినది.

1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయమువారు గాయములు మానుటకు పసుపును వాడు పద్ధతికి పేటెంటు నిచ్చిరి. పుచ్చుకొన్నది మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రము. నిజామాబాదునందును దుగ్గిరాలయందును పసుపుకొమ్ములు బస్తాలకొలది అమ్ముకొను రైతు ఈ మాట విని నవ్వును. కొడవలి తెగినపుడు ఇంటిలోని ముసలమ్మ చేయు మొదటి పని యేదో, దానిని అచట క్రొత్త కల్పనగా నమోదు చేసిరి. కాని నవ్వి ఊరకుండిన పేటెంటు పోదు. మన దేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలివారు 1996లో పునఃపరిశీలన కోరి 32 ఆధారములు దాఖలు చేసిరి. వానిలో సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథములును, 1953లో ఇండియను మెడికల్ అసోసియేషనువారి పత్రికలో అచ్చైన యొక వ్యాసమును గలవు. 1997 ఆగస్టులో ఆ పేటెంటు త్రోసివేయబడెను.

ఇచట రైతు గమనింపవలసిన సంగతి గెలుపు కాదు, గెలిచిన తీరు. అమెరికా చట్టము ఆ కాలమున పరదేశములందలి వాడుకను, అది అచ్చులో నున్ననే తప్ప, లెక్కకు తెచ్చుకొనెడిది కాదు. కోట్లమంది నిత్యము చేయుచున్న పనియైనను కాగితముమీద లేనియెడల ఆ కార్యాలయమునకు అది లేనట్లే. ఈ నియమము 2013 మార్చి నుండి మాఱినది. అంతవఱకు మన ముసలమ్మల సాక్ష్యము అచట చెల్లలేదు. 1953 నాటి కాగితము చెల్లినది.

వేప విషయమున త్రోవ వేఱు. ఐరోపా పేటెంటు కార్యాలయమువారు 1994లో అమెరికా వ్యవసాయ శాఖకును డబ్ల్యు. ఆర్. గ్రేసు కంపెనీకిని, వేపనూనెతో మొక్కలకు పట్టు బూజు తెగుళ్ళను అరికట్టు పద్ధతికి పేటెంటు నిచ్చిరి. 1995లో వందనా శివయు, ఐరోపా పార్లమెంటులోని హరిత పక్షమువారును, సేంద్రియ వ్యవసాయ సంఘముల అంతర్జాతీయ సమాఖ్యయు కూడి అభ్యంతరము చెప్పిరి. ఐరోపా నియమములలో అచ్చుకాగితమే గాక బహిరంగమైన వాడుకయు సాక్ష్యమే. మన దేశపు కర్మాగార యజమాని యొకరు తాము అంతకుముందే అట్టి సరకు తయారుచేయుచుండినట్లు సాక్ష్యమిచ్చిరి. 2000 మే 10వ తేదీన పేటెంటు రద్దయ్యెను; దానిపై అప్పీలు 2005 మార్చి 8వ తేదీన కొట్టివేయబడెను. మొదలునుండి తుదివఱకు పదియేండ్లు పట్టినది. మడిలో వేపపిండి చల్లుకొను రైతు జర్మనీ దేశమునందలి మ్యూనికు నగరమున పదియేండ్లు వ్యాజ్యము నడుపగలడా? ఆ పని చేయువారు వేఱొకరు ఉండిరి గనుక సరిపోయినది.

ఈ రెండు వ్యాజ్యముల పిమ్మట మన ప్రభుత్వమువారు 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటలు గ్రంథాలయమను దానిని ఆరంభించిరి. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథములనుండి లక్షలకొలది యోగములను ఏరి, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలోనికి మార్చి, పేటెంటు పరీక్షకులు చూచుకొనుటకు వీలుగా నమర్చిరి. 2009లో ఐరోపా కార్యాలయమువారితో ఒప్పందమయ్యెను. తదుపరి యితర దేశములవారును ఒప్పుకొనిరి. దొంగ వచ్చు త్రోవలో కావలివాని నిలిపినట్లయినది. ఈ పని మెచ్చదగినది. అయినను ఒక మాట చెప్పక తీఱదు. ఈ గ్రంథాలయము పేటెంటు పరీక్షకులకు తెఱవబడెనే గాని, సామాన్యులకు తెఱవబడలేదు. తెఱచినచో కంపెనీలు అందుండి ఉపాయములను ఏరుకొని, కొంచెము మార్చి, తమ పేర వ్రాయించుకొందురని భయము. భయము నిరాధారము కాదు. కాని ఎల్లరకు చెందిన గ్రంథములనుండి ఎల్లర ధనముతో కూర్చినదానిని కుంచము క్రింది దీపమువలె నుంచుట ఎంతకాలము తగును? 2022 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గమువారు దీనిని ఇతరులకును అందుబాటులోనికి తెచ్చుటకు అంగీకరించిరి. తాళము తీయుటతోపాటు అందుండి లాభము తీసిన కంపెనీ యేమి చెల్లింపవలెనో కూడ నిర్ణయించినగాని న్యాయము పూర్తికాదని నా యభిప్రాయము.

ఇక విత్తనము మాట. 1995 నుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ వాణిజ్య ఒడంబడికలో చేరిన దేశములన్నియు మొక్కల వంగడములకు ఏదో యొక విధమైన హక్కు నీయవలెనని నియమము కలదు. అది పేటెంటే కానక్కరలేదు. దేశమునకు తగిన వేఱు చట్టము చేసికొనవచ్చును. మనవారు ఈ రెండవ త్రోవ పట్టిరి. మన పేటెంటు చట్టములోని 3వ సెక్షను ప్రకారము మొక్కలును, విత్తనములును, వంగడములును పేటెంటునకు తగినవి కావు. వానికై 2001లో మొక్కల వంగడముల రక్షణ, రైతుల హక్కుల చట్టము చేయబడెను. పేరులోనే రైతుల హక్కులు చేర్చిన చట్టములు ఇతర దేశములలో మిక్కిలి అరుదు. దీనిని నడుపు ప్రాధికార సంస్థ 2005లో ఢిల్లీయందు నెలకొనెను.

చట్టము వంగడము పెంపొందించినవానికి ఇచ్చునదేమన, నమోదైన వంగడపు విత్తనమును ఉత్పత్తిచేసి అమ్ము ప్రత్యేకాధికారము. పైరులకు 15 ఏండ్లు, చెట్లకును తీగలకును 18 ఏండ్లు గడువు. రైతునకు ఇచ్చునది 39వ సెక్షనులో నున్నది. ఈ సెక్షను సంఖ్యను ఎల్లరును జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన. దాని తాత్పర్యమిది: నమోదైన వంగడమే యైనను, రైతు తన పంటనుండి విత్తనము ఎత్తిపెట్టుకొనవచ్చును, చల్లుకొనవచ్చును, మరల మరల చల్లుకొనవచ్చును, ఇరుగుపొరుగువారితో మార్చుకొనవచ్చును, పంచుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. ఈ చట్టము రాకముందు చేయుచుండిన తీరుననే చేయవచ్చును. నిషేధము ఒక్కటే. ఆ వంగడము పేరు సూచించునట్లు చీటీ అంటించి, సంచి కట్టి, వ్యాపారపు సరకుగా అమ్మరాదు. మఱియు, హక్కు ఉన్నదని ఎఱుగక చేసిన రైతుపై ఆ తప్పు మోపరాదని 42వ సెక్షను చెప్పుచున్నది. 1966 నాటి విత్తన చట్టములో గూడ, తాను పండించిన విత్తనమును తన యింటనే మఱియొకనికి నేరుగా చల్లుకొనుటకై యిచ్చువానికి మినహాయింపు కలదు.

కావున మొదట వేసిన ప్రశ్నకు జవాబు: ఎత్తిపెట్టుకొనవచ్చును, బదులీయవచ్చును. కాని సంకరజాతి విత్తనము, అనగా హైబ్రిడ్డు విషయమున చట్టము తలుపు తెఱచినను ప్రకృతి తెఱవదు. దాని రెండవ తరము ఏకరీతిగా రాదు. చేనిలో పొడుగువి కొన్ని, పొట్టివి కొన్ని, ముందు ఈనునవి కొన్ని, వెనుక ఈనునవి కొన్ని పుట్టును. దానిని ఎత్తిపెట్టుకొనుట నేరమై కాదు, నష్టమై వదలుకొనవలసినది.

చట్టము కాగితముమీద నుండుట వేఱు, అది రైతునకు అక్కఱకు వచ్చుట వేఱు. గుజరాతు రాష్ట్రమున సాబర్‌కాంఠా జిల్లాలో జరిగిన సంగతి పలువురు వినియుందురు. పెప్సీకో కంపెనీవారు వేపుడు రేకులకై వాడు ఎఫ్.ఎల్. 2027 అను బంగాళాదుంప వంగడమును 2016లో నమోదు చేయించుకొనిరి. 2019 ఏప్రిలులో, తమ సెలవు లేక దానిని సాగుచేసితిరని నలుగురు చిన్న రైతులపై అహమ్మదాబాదు న్యాయస్థానమున వ్యాజ్యములు వేసి, ఒక్కొక్కరినుండి కోటి రూపాయలకు పైబడి నష్టపరిహారము కోరిరి. నాలుగెకరముల రైతునకు కోటి రూపాయలు! దేశమంతట ఆక్షేపణ చెలరేగినది. మా విత్తనమే కొని పంట మాకే అమ్ముడు, లేదా ఇకమీదట సాగుచేయబోమని వ్రాసి యిండని కంపెనీవారు రాజీ మాట పలికిరి. తుదకు 2019 మే నెలలో వ్యాజ్యములు ఉపసంహరించుకొనిరి.

అంతటితో కథ ముగియలేదు. కవితా కురుగంటి యను రైతు హక్కుల కార్యకర్త ఆ నమోదునే రద్దుచేయవలెనని ప్రాధికార సంస్థను కోరగా, 2021 డిసెంబరులో రద్దయ్యెను. 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు దానిని ఖాయపఱచిరి. 2024 జనవరిలో అదే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనము ఆ రద్దును కొట్టివేసినది. దీనిని విని రైతు ఓడెనని కొందఱు చెప్పుకొనుచున్నారు, అది పొరపాటు. ఆ తగవు నమోదు సక్రమమా కాదా యన్నది. 39వ సెక్షను ఒక అక్షరమైనను మాఱలేదు. ఆ నలుగురును మొదటనే ఈ సెక్షనును ఎఱిగియుండిన యెడల నోటీసు చూచినరోజున అంత తల్లడిల్లకుందురు గదా.

మన తెలుగునాటి ప్రత్తిరైతు అనుభవమును గూడ ఇందు చేర్చి చూడవలెను. 2002లో బీటీ ప్రత్తికి అనుమతి వచ్చిన పిమ్మట 450 గ్రాముల సంచికి 1,600 రూపాయలకు మించి వెల పలికెను. అందులో పెద్దపాలు గింజ వెల కాదు. పురుగును చంపు లక్షణమునకై మోన్సాంటో పక్షమువారికి చెల్లు రుసుము. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గుత్తాధిపత్య విచారణ సంఘముయెదుట ఫిర్యాదు చేసి, తుదకు సంచి వెలను 750 రూపాయలకు దింపినది. ఆ కంపెనీకిని హైదరాబాదులోని నూజివీడు సీడ్సువారికిని పేటెంటు విషయమై తగవు సాగి, 2018లో ఢిల్లీ హైకోర్టు పేటెంటు చెల్లదనగా, 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రోసి, సాక్ష్యములు చూచి తేల్చవలెనని క్రిందికి పంపెను. 2021లో వారు రాజీపడిరి. కావున మొక్కకు పేటెంటు లేదు సరే, మొక్కలోని కల్పిత లక్షణమునకు కలదా యన్న ప్రశ్న తేలకనే మిగిలినది. వెలను దింపినది న్యాయశాస్త్రము కాదు. ప్రభుత్వము చూపిన పట్టుదల.

దీనికి ఎదురుగా సాంబమసూరిని చూడుడు. బీపీటీ 5204 అను పేర బాపట్ల పరిశోధన స్థానమునుండి 1986లో విడుదలయ్యెను. దాని పుట్టుక విచిత్రమైనది. కోయంబత్తూరున ఏర్పఱచిన జీ.ఈ.బీ. 24, తైవాను దీవినుండి వచ్చిన టీ.ఎన్. 1, మలయా దేశమునుండి వచ్చిన మసూరి, ఈ మూడింటి కలయికయే అది. ఏ దేశమువారును తమ వంగడమునకు తాళము వేసియుండినచో ఈ అన్నము మన కంచములోనికి వచ్చియుండెడిది కాదు. విడుదలైన పిమ్మట రైతు చేతినుండి రైతు చేతికి, బండిమీదను, బస్సుమీదను ప్రాకిపోయి, అనేక రాష్ట్రములలో వ్యాపించెను. మార్టేరునుండి 1982లో వచ్చిన స్వర్ణయు అట్టిదే. నీట మునిగినను బ్రదుకు గుణము ఒరిస్సాయందలి నాటు వడ్లలో నుండగా, దానిని స్వర్ణలోనికి తెచ్చి 2009లో స్వర్ణ సబ్ 1 అని విడుదల చేసిరి. నాటు వడ్లను కాపాడిన ఒరిస్సా రైతును, మార్టేరు పండితులును, మనీలాయొద్ద వరి పరిశోధనా సంస్థవారును ఒకరి పని నొకరు అందుకొనిరి. ఒక వంగడమునుండి మఱియొక వంగడము తీయుటకు పరిశోధకునకు మన చట్టపు 30వ సెక్షను స్వేచ్ఛ నిచ్చుచున్నది. ఆ స్వేచ్ఛ లేని నాడు పరిశోధన ధనవంతుల గదులలోనే మిగులును.

అయితే అందఱికి అందుబాటులో నుంచుట యనగా చేసినవాని పేరు తుడిచివేయుట కాదు. మహారాష్ట్రమున చంద్రపూరు జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే యను చిన్న రైతు ఉండెను. చదువు మూడవ తరగతి, భూమి ఎకరమున్నర. 1980 తరువాతి సంవత్సరములలో తన వరిచేనిలో వేఱు రంగు వెన్నులు గల దుబ్బులు కొన్ని చూచి, విడిగా కోసి, విడిగా నాటి, ఏటేట బెరకులు ఏఱివేసి సన్నని బియ్యపు వంగడమును ఏర్పఱచెను. కొన్న వర్తకుడు ఆ నాటి పేరుపొందిన చేతిగడియారము పేర దానిని హెచ్.ఎమ్.టి. అని పిలిచెను. ఆ పేరు మన యంగళ్ళలోను నేటికిని వినబడుచునేయున్నది. అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు 1998లో పీ.కే.వీ. హెచ్.ఎమ్.టి. అని విడుదల చేసిరి. తననుండి విత్తనము తీసికొనిపోయి తనకు ఫలమీయలేదని ఆయన చివరి వఱకు వాపోయెను. బహుమానములు వచ్చినవి గాని దారిద్ర్యము తీఱలేదు. 2018 జూను 3వ తేదీన మరణించెను. 2001 చట్టము ఆయన వంగడము బయటపడిననాడు లేదు. నేడు కలదు. రైతు తాను ఏర్పఱచిన వంగడమును తన పేర నమోదు చేయించుకొనవచ్చును. ఊరివారందఱును కలసి ఊరి పేరను చేయించుకొనవచ్చును. రుసుము లేదు. ఒరులు అందుండి క్రొత్త వంగడము తీసి లాభించినయెడల పాలు కోరవచ్చును.

మఱియొక ప్రయోజనమును మనవారు చాలమంది ఎఱుగరు. నమోదైన వంగడమును అమ్మువాడు అది ఏ పరిస్థితులలో ఎంత పండునో రైతునకు తెలుపవలెను. అట్లు పండనియెడల రైతు ప్రాధికార సంస్థను పరిహారము కోరవచ్చును. కోరుటకు ఆధారము కావలెను గదా. కావున విత్తనము కొన్న రసీదును, సంచికి కుట్టిన చీటీని, ఖాళీ సంచిని, గుప్పెడు గింజలను పంట చేతికి వచ్చువఱకు దాచియుంచవలెను. ఖాళీ సంచిలో ఎండుమిరపకాయలు పోసి సంతకు పంపువారిని నేను చూచుచునేయున్నాను.

ఈ కారణములచేత మన సంఘమున ఈ ఖరీఫునకు ముందు ఒక పుస్తకము తెఱవదలచితిమి. మన గ్రామములలో నేటికిని నిలిచియున్న నాటు వడ్లు, జొన్నలు, కందులు, పెసలు, వంగ, బీర మున్నగువాని పేరును, ఎవరింట ఎన్ని తరములనుండి యున్నదో, ఎవరినుండి వచ్చినదో, ఏ నేలకు తగునో, ఎన్ని దినములకు కోతకు వచ్చునో, ఏ తెగులునకు ఓర్చునో అందు వ్రాయవలెను. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించుట, పెసలలో బూడిద కలుపుట వంటి నిలువ పద్ధతులను గూడ చెప్పినవారి పేరుతోను తేదీతోను వ్రాయవలెను. పంచాయతీ జీవవైవిధ్య సంఘమువారి దస్త్రములో గూడ దీనిని ఎక్కింపవచ్చును. నమోదు దరఖాస్తుపై ఆ సంఘాధ్యక్షుని సంతకమో, జిల్లా వ్యవసాయాధికారి సంతకమో కావలసియుండును. స్త్రీలు దీనిలో ముఖ్యముగా పాల్గొనవలెను, ఏలనన మన యిండ్లలో విత్తనపు కుండ ఏ అటుకమీద నున్నదో వారికే తెలియును.

పుస్తకము సంఘ కార్యాలయమున బల్లమీదనే యుండును. ఏ సభ్యుడైనను చదువుకొనవచ్చును, నకలు వ్రాసికొనవచ్చును. వ్రాయరానివారు చెప్పిన గుమాస్తా వ్రాసికొనును. వంగడము పేరు తెలియనివారు కోతకు ముందు నాలుగు వెన్నులను దుబ్బుతో సహా తెచ్చి చూపవలెను.